వదిన బుడ్డి

ఆ పడవ మీద అందరూ ఆమెను వదిన అనే పిలిచేవారు. నిజానికి ఆమె చేప ఒక్కదానికే వదిన. చేప నోట్లోంచి పూటకు వందసార్లు ఆ పిలుపు వినీ వినీ, పడవ నడిపే మాస్టారికీ, సెలవురోజుల్లో సముద్రంలో దిగడానికి వచ్చే మిగతావాళ్లకూ అదే అలవాటైపోయింది. చేపకూ ఒక అసలు పేరుండేది. నడక కంటే ముందు ఈత వచ్చిందని చిన్నప్పుడు అన్నయ్య పెట్టిన ముద్దుపేరు దాన్ని మింగేసింది.

చేప ఊళ్లోని ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పేది. వదినకు సొంత లాండ్రీ ఉండేది. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల దిండు గలీబులు బండ్లకొద్దీ వచ్చి పడేవి. పెళ్లయిన కొత్తలో ఆడపడుచే ఆమెను సముద్రం దగ్గరికి లాక్కుపోయింది. "పొద్దస్తమానం ఆవిరిలో ఉడికే మనిషివి. వారానికొక్కపూట చల్లటి నీళ్లలో నానితే నీ సొమ్మేం పోయింది వదినా?" అని. నీళ్లంటే బకెట్టులోవే తప్ప ఎరగని వదిన, చేప చెయ్యి పట్టుకుని అడుగుదాకా వెళ్లి రావడం నేర్చుకుంది. వదినా ఆడపడుచులంటే ఉప్పూ నిప్పూ అనుకునే చుట్టాలు వీళ్లిద్దర్నీ చూసి ముక్కున వేలేసుకునేవారు.

వాళ్ల మధ్య పేచీ అంటూ ఉంటే అది ఒక్క బుడ్డి గురించే.

నీళ్లలో దిగే ప్రతివాళ్లకూ వీపున ఒక పెద్ద సిలిండర్ ఉంటుంది. దాని గొట్టం చివర నోట్లో కరిచిపట్టుకునే భాగాన్ని పడవ మీద అందరూ మూతి అనేవారు. ఒక్కో సిలిండర్‌కు రెండు మూతులు. ఒకటి తనకు, రెండోది జతగా దిగిన మనిషికి ఆపద వస్తే ఇవ్వడానికి. వదిన ఈ మధ్య అది చాలదని, మోచేయంత పొడుగున్న చిన్న సిలిండర్ ఒకటి కొనుక్కుని ఎడమ పక్కన తగిలించుకోవడం మొదలుపెట్టింది. దాని గొట్టం వేరు, మూతి వేరు. పెద్దది మొరాయిస్తే నిదానంగా పైకి చేరడానికి సరిపడా గాలి అందులో ఉంటుంది.

"మా వదిన పొద్దున్నే బుడ్డి లేనిదే అడుగు వెయ్యదండీ," అని చేప ఆ చిన్న సిలిండర్‌కు పేరు పెట్టి పడవంతా చాటేది. తాగుబోతుల మీద చేసే ఎగతాళి అంతా వదిన మీద ప్రయోగించేది. "ఏం వదినా, ఇవాళ ఫుల్లా? హాఫా?"

వదిన కూడా నవ్వేది. కానీ బుడ్డి మాత్రం విప్పేది కాదు.

ఆరోజు పొద్దున పడవ బయల్దేరాక చేప ఎగతాళి కాస్త పదునెక్కింది.

"నాకొక్కటి చెప్పు వదినా. నీకు గాలి అయిపోతే నేనున్నా. నాకయిపోతే నువ్వున్నావ్. మధ్యలో ఈ మూడోది దేనికి?"

"నువ్వు దూరంగా ఉంటేనో?"

"నేనెందుకు దూరంగా ఉంటా?"

"నీ వెనకాల ఈదేసరికి నా తలప్రాణం తోకకొస్తోంది. నువ్వు చేపవి, నేను దుప్పటిని."

పడవ నడుపుతున్న మాస్టారు చుక్కాని వదలకుండానే తల తిప్పాడు. "బుడ్డి చెడ్డదని నేననను. కానీ అది ఉందన్న ధీమాతో గాలి మీటరు చూసుకోవడం మానేస్తారు జనం. కళ్లు తెరుచుకుని దిగేవాడికి పెద్ద సిలిండర్, పక్కన మనిషి చాలు."

వదిన తన భర్త వైపు తిరిగింది. ఆయన లిఫ్టుల మెకానిక్కు. కొలనులో చెల్లెలి దగ్గర కొంచెం నేర్చుకున్నాడు గానీ సముద్రంలో దిగేవాడు కాదు. పడవ అంచున కూర్చుని గాలం వేసుకునేవాడు.

"ఏమండీ, మీ లిఫ్టుని మొయ్యడానికి ఎన్ని తాళ్లు కావాలి?"

"ఒకటి చాలు."

"ఎన్ని కడతారు?"

"నాలుగైదు కడతాం. అది వేరే లెక్కే. ఇనుముకి నోరుండదు, ఎప్పుడు తెగుతుందో ముందు చెప్పదు." ఆయన చెల్లెలి తల మీద చెయ్యి వేశాడు. "ఇది ఇనుము కాదు, మనిషి. పక్కన మనిషుండగా ఇంకోటి తగిలించుకున్నావంటే, ఆ మనిషి మీద నమ్మకం లేదని ఊరంతా దండోరా వేసినట్టే."

"ఊపిరికి మొహమాటం ఉండదండీ," అంది వదిన. చేప నవ్వుతూనే ఉంది గానీ ఆ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. మనసు నొచ్చుకుందని వదినకు అర్థమైంది. దిగేముందు బుడ్డిని విప్పేద్దామా అని ఒక్క క్షణం కొక్కెం మీద చెయ్యి కూడా వేసింది. ఇంతలో చేప నీళ్లలోకి దూకేసింది. విప్పే వ్యవధి లేక వదినా దూకింది.

అడుగున ఒక పాత సరుకుల ఓడ పక్కకు ఒరిగి పడుంది. పైనుంచి లెక్కేస్తే ఏడంతస్తుల మేడంత లోతు. చేప కోపంగా ఉన్నప్పుడు వేగంగా ఈదుతుంది. ఓడను నడిపే వెనక పంకా చూడటానికని అటువైపు తిరిగి కనుమరుగైంది. వదిన తుప్పుపట్టిన కమ్మీ ఒకటి పట్టుకుని, ఈసారి వెంటపడేది లేదు, తనే వస్తుందిలే అనుకుంటూ ఆగింది.

వెనకనుంచి తల పగిలేలా ఒక దెబ్బ పడింది.

ఓడలోంచి ఏ ఇనుపదూలమో విరిగి మీద పడిందనుకుంది. నోట్లో మూతి ఊడిపోయింది. ఉత్తగా ఊడిపోలేదు, పై పెదవి చీల్చుకుని, ముందు పన్నును కదిలించి మరీ పోయింది. కళ్లద్దం మెడ కిందికి జారింది. ఉప్పునీళ్లు కళ్లలో కారంలా మండాయి. ఎవరో ఆమె వీపు మీదకు ఎక్కుతున్నారు. డొక్కలో మోకాలు దిగింది. చెవి మీద మోచెయ్యి పడగానే లోపల ఏదో పటుక్కుమంది, లోకం ఒక పక్కకు తిరిగిపోయింది. జుట్టు పట్టుకున్న ఆ చేతులు తన ఆడపడుచువని తెలియడానికి కాసేపు పట్టింది.

గాలి లేదు. అరవడానికి నోరు తెరిస్తే సముద్రం లోపలికి వస్తుంది. ఆమె ఎడమ చెయ్యి దానంతటదే కదిలింది. బుడ్డి మూతి రొమ్ము దగ్గర రబ్బరు పట్టీలో ఉంది. దాన్ని లాగి నోట్లో పెట్టుకుని కరిచింది. మొదటి గుక్కలో సగం నీళ్లు, సగం రక్తం. రెండో గుక్కలో గాలి వచ్చింది.

అంతటితో అయిపోతుందనుకుంది. చేప చేతిలో ఇప్పుడు వదిన పెద్ద సిలిండర్ మూతి ఉంది, అందులో కావలసినంత గాలి ఉంది. కానీ చేప దాన్ని తలకిందులుగా పెట్టుకుంది. గాలికి బదులు నీళ్లు గొంతులోకి పోయాయి. దాన్ని ఉమ్మేసి మళ్లీ మీదికి వచ్చింది. వదిన ఆ మసకలోనే తన రెండో మూతిని తీసి చేప మొహానికి అడ్డంగా పట్టింది. చేప దాన్ని ఒక్క దెబ్బతో తోసేసింది. ఆమెకు వదిన నోట్లో ఉన్నదే కావాలి. ఎదుటి మనిషి బతికున్నది దానితోనే కదా, అదొక్కటే పనిచేస్తోందని ఆ ప్రాణానికి తోచింది.

చేప వేళ్లు వదిన నోట్లోకి దూరాయి. బుగ్గను లోపలినుంచి పీకుతున్నాయి. ఇంకొక్క లాగుడుకు బుడ్డి మూతి కూడా పోతుంది. అప్పుడిక ఇద్దరికీ అదే ఆఖరు.

వదిన అందులో ఒక వేలిని రెండు చేతులతో పట్టుకుని వెనక్కి విరిచింది. ఎముక విరిగిన చప్పుడు నీళ్లలో కూడా వినబడింది. చేప ఆగలేదు. వదిన మణికట్టుకు టార్చి వేలాడుతోంది. దాన్ని పిడికిట్లో బిగించి, ఎదురుగా కదులుతున్న మొహం మీద కొట్టింది. ఇంకోసారి కొట్టింది. మూడోసారికి ముక్కు కింద మెత్తగా నలిగింది. ఆ లోతులో రక్తం ఎర్రగా ఉండదు. నల్లని పొగలా లేచి ఇద్దరి మధ్యా పరుచుకుంది.

చేప ఒళ్లు ఒక్క క్షణం సడలింది. ఆ క్షణంలోనే వదిన ఆమె వెనక్కి వెళ్లి, వీపున ఉన్న సిలిండర్‌ను రెండు మోకాళ్ల మధ్యా ఇరికించుకుంది. మెడ చుట్టూ చెయ్యి వేసి తన రెండో మూతిని ఆ నోట్లో కుక్కి, మీట నొక్కి గాలి ఎక్కించింది. అరచేత్తో అదిమిపట్టింది. చేప రొమ్ము తన చేతి కింద ఎగిసిపడుతుంటే, పీలుస్తోందని తెలిసింది.

పైకి రావడం మరో యుద్ధం. ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా పైకి దూసుకెళితే ఊపిరితిత్తులు బుడగల్లా పగులుతాయి. ఆ సంగతి వదినకు నేర్పింది చేపే. ఇప్పుడు ఆ చేపే కాళ్లు తన్నుతూ పైకి ఎగబాకుతోంది. కిందికి లాగుతూనే ఆమెను పైకి తేవాల్సి వచ్చింది. తొడల మీద మడమల దెబ్బలు పడుతున్నా వదిన చెయ్యి సడలించలేదు.

తల బయటపడగానే చేప మూతిని ఉమ్మేసి, పెద్దగా గాలి పీల్చి, వదిన భుజాల మీదకు ఎక్కి ఆమెను కిందికి తొక్కింది. వదిన మునిగింది, లేచింది, మళ్లీ మునిగింది. ఈసారి లేస్తూనే బలమంతా కూడదీసుకుని చేప దవడ కింద పిడికిలితో గుద్దింది.

పడవ మీద గాలం పట్టుకుని కూర్చున్న భర్త చూసింది ఆ ఒక్క గుద్దునే.

ఆయనా మాస్టారూ కలిసి ముందు చేపను పైకి లాగారు. ముక్కు పక్కకు ఒరిగిపోయి, గడ్డం దాకా రక్తం కారుతోంది. వేలు వెనక్కి తిరిగి ఉంది. పడవలో ముడుచుకుపోయి ఒణుకుతూ, "వదిన కొట్టింది అన్నయ్యా... నా మూతి లాగేసింది... కొడుతూనే ఉంది," అంది. ఆమె అబద్ధం ఆడలేదు. అంతటి భయంలో బుర్రకు దొరికినవి ఆ నాలుగు ముక్కలే.

వదిన నిచ్చెన పట్టుకుని వీపు మీద బరువుతో తనంతట తనే ఎక్కింది. కళ్లు మండుతున్నాయి, ఒక చెవిలో హోరు తప్ప ఏమీ లేదు. తల ఎత్తేసరికి చెంప ఛెళ్లుమంది. కదిలి ఉన్న పన్ను ఆ దెబ్బకు ఊడి నాలిక మీద పడింది.

"చంపేద్దామనే దిగావా? నీకేం అన్యాయం చేసింది అది?" భర్త మళ్లీ చెయ్యెత్తాడు. మాస్టారు అడ్డం పడి ఆ చేతిని పట్టుకున్నాడు. "ముందు ఆమె నోరు చూడవయ్యా! నోరు చూడు!" అని అరిచాడు.

వదిన పన్నును అరచేతిలోకి ఉమ్మింది. "నువ్వు నన్ను కొట్టావు," అంది. పెళ్లయిన నాటినుంచి ఆయన్ను నువ్వు అనడం అదే మొదలు.

ఒడ్డుకు వచ్చే దారిలో మాస్టారు చేప సిలిండర్ తిప్పి చూశాడు. చుక్క గాలి లేదు. మీటరులో ముల్లు మాత్రం సగం దగ్గర ఇరుక్కుని కదలకుండా ఉంది. కొట్టినా కదల్లేదు. పాపం, చేప చూసుకుంటూనే ఉంది. సగం ఉందనుకుంటూనే ఖాళీ చేసుకుంది. అయినా ఆ ముల్లు భర్తకు ఇంకో రకంగా అర్థమైంది. "అంటే గాలి అయిపోయి నీ దగ్గరికి అడుక్కోడానికొచ్చింది. వచ్చినదాన్ని ఇలా చేశావు," అన్నాడు.

చేప ముక్కు సరిచేశారు, వేలికి కట్టు కట్టారు. వదిన పెదవికి కుట్లు పడ్డాయి. చెవిలో పొర చిరిగిందన్నారు. ఆసుపత్రిలో ఆయన చెల్లెలి మంచం పక్కన కూర్చున్నాడు. వదిన ఒక్కతే ఆటో ఎక్కి, ఇంటికి కాకుండా లాండ్రీకి వెళ్లి, మీది గదిలో మాసిన దుప్పట్ల మూటల మధ్య పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన లాండ్రీకి వచ్చాడు. పెద్ద డ్రమ్ములు గిరగిరా తిరుగుతున్నాయి. ఇస్త్రీబల్ల దగ్గర వదిన ఒక్కతే ఉంది. పనివాళ్లు వెనక తీగల మీద గలీబులు ఆరేస్తున్నారు.

"పద. ఇంటికొచ్చి దాని కాళ్లు పట్టుకో," అన్నాడు ఆయన.

"నీ చెల్లెలు నా మీదికెక్కి నా ఊపిరి లాక్కుంది. నేను కొట్టకపోతే ఇవాళ నువ్వు రెండు శవాలకి కాపలా కాసేవాడివి."

"అది? సముద్రంలో పుట్టినట్టు ఈదే పిల్ల? పిల్లలకి ధైర్యం నేర్పే మనిషి భయపడి నిన్ను కొట్టిందా? కట్టుకథలు చెప్పకు. దాన్ని నమ్మనిది నువ్వు. ఆ బుడ్డి తగిలించుకున్న రోజే నీ మనసు తెలిసింది."

"బయటికెళ్లు."

ఆయన ఆమె భుజం పట్టుకుని గుంజాడు. కుట్లు లాగి, పెదవి మీద మళ్లీ రక్తం చిమ్మింది. వదిన చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. ఆనుకోవడానికి బల్ల మీద పెట్టిన ఆయన రెండో చేతికి పక్కనే దాన్ని ధడాలున దించింది. అంచు చిటికెనవేలికి తగిలి చర్మం చుయ్యిమంది. ఆయన కేక పెట్టి వెనక్కి గెంతి, డ్రమ్ముకు కొట్టుకుని కింద పడ్డాడు. దుప్పటి మీద గోధుమరంగు మచ్చ పొగలు కక్కింది.

"ఈసారి మధ్యలో పెడతా," అంది వదిన. గొంతు పెంచలేదు. "నలిగిపోయిన బట్టల్నే కాదు, మనుషుల్నీ చదును చెయ్యగలను. లే. వెళ్లు."

పనివాళ్లు గుమ్మంలో గుమిగూడారు. ఆయన వేలు నోట్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా చేప వచ్చింది. ముక్కు మీద పట్టీ, కళ్ల కింద ఊదారంగు సంచులు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి వదిన మొహం కేసి చాలాసేపు చూసింది.

"అన్నయ్య ఒక చెంప మీదే కొట్టాడటగా?"

"ఊఁ."

"మరి రెండో బుగ్గ మీద ఆ వాపెవరిది? ఆ పెదవి? ఆ చెవి?"

వదిన దుప్పటి అంచులు కలిపి మడత పెట్టింది.

"నేనా?"

"నీకు గాలి లేదమ్మాయ్," అంది వదిన.

చేప గోడకు ఆనుకుని జారి కూర్చుంది. "నాకేం గుర్తులేదు వదినా. నువ్వు కొట్టడమొక్కటే గుర్తుంది. నిన్ను తిట్టుకున్నాను, శాపనార్థాలు పెట్టాను. కానీ నిద్రలో నా చేతుల్లో ఏదో మెత్తగా తగులుతుంటుంది." కట్టు ఉన్న చెయ్యి చూసుకుంది. "నాకు తెలియాలి. రోజూ ఇంతింత పిల్లల్ని నీళ్లలోకి దింపుతాను. నేనలాంటిదాన్నయితే ముందు నాకు తెలియాలి. మాస్టారిని కొలను దగ్గరికి రమ్మన్నాను. సిలిండర్ మర తిప్పి గాలి కట్టేస్తాడు. నేనేం చేస్తానో మీరు చూడండి."

"వద్దు. ముక్కైనా మానలేదు."

"నువ్వు రాకపోయినా చేస్తా."

కొలనుకు సెలవురోజు అది. నీళ్లు కదలకుండా అద్దంలా ఉన్నాయి. నీళ్లలో కలిపిన మందు వాసన ముక్కులు పగలగొడుతోంది. లోతు వైపు రెండు నిలువులుంటుంది. జతగా తను దిగుతానని అన్నయ్య పట్టుబట్టాడు. "నా చెల్లెలు నా మీద చెయ్యి వేస్తుందేమో చూద్దాం," అన్నాడు వదిన వైపు చూడకుండా.

వదిన గట్టు మీద కూర్చుంది. అన్నాచెల్లెళ్లు అడుగున ఎదురెదురుగా మోకాళ్ల మీద కూర్చున్నారు. మాస్టారు చేప వెనక చేరి సిలిండర్ గాలి కట్టేశాడు. చేప రెండు గుక్కలు పీల్చి చూసి, గాలి లేదని చేత్తో సైగ చేసి, అన్నయ్య రెండో మూతిని నెమ్మదిగా అందుకుని నోట్లో పెట్టుకుంది. పుస్తకంలో బొమ్మలా.

అన్నయ్య పైకి తేలీ తేలకముందే అందుకున్నాడు. "చూశావా? ఇప్పుడేమంటావ్?"

వదిన లేచి నిలబడింది. చెప్పులు తొడుక్కోబోయింది. నీళ్లలోంచి చేపే మాట్లాడింది.

"ఇది పరీక్ష కాదు మాస్టారూ. మీరు వెనక్కి రావడం చూశా, గుండె నిండా పీల్చుకున్నా. అక్కడ నాకెవరు చెప్పి కట్టేశారు? ఈసారి కళ్లద్దం తీసేసి ఈదుతాను. ఊపిరి మొత్తం వదిలేశాక కట్టెయ్యండి. ఎప్పుడో నాకు తెలియకూడదు."

మాస్టారు తటపటాయించాడు. చేప వినలేదు.

రెండోసారి అడుగున ఆ చివరినుంచి ఈ చివరికి ఈదుతున్నారు. గట్టు మీద నుంచి వదినకు బుడగలే కనిపిస్తున్నాయి. చేప వదిలిన బుడగలు ఒక్కసారిగా గుంపుగా లేచాయి. ఆ తర్వాత రాలేదు.

చేప ఒళ్లు విల్లులా వంగింది. మరుక్షణంలో అన్నయ్య మీద ఉంది. ఆయన రెండో మూతిని చాచిపట్టుకునే ఉన్నాడు; దాన్ని ఆమె చూడనే లేదు. నోట్లోది పీకేసింది. కట్టు ఉన్న చేత్తోనే మొహాన్ని పట్టి గీకింది. ఆయన తోసెయ్యబోతే కడుపులో మోకాలితో పొడిచింది. వెనక్కి పడ్డ ఆయన తల పలకల గోడకు కొట్టుకుంది. సిలిండర్ తెరవడానికి వెనక చేరిన మాస్టారి రొమ్ము మీద ఒక తన్ను పడింది, ఆయన అల్లంత దూరాన తేలాడు. చేప అన్నయ్య భుజాల మీద రెండు పాదాలూ మోపి, నిలబడి, ఆయన్ను అడుగుకు తొక్కి పైకి లేచింది. పట్టు చిక్కక మళ్లీ జారి మళ్లీ తొక్కింది. నీళ్లు ఎర్రబడుతున్నాయి. ఇక్కడ లోతు లేదు కనుక రక్తం ఎర్రగానే కనబడుతోంది.

వదిన బట్టలతోనే దూకింది. చేప జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజి, తల నీళ్లపైకి ఎత్తి, వెనకనుంచి చంకల కింద చేతులు వేసి బిగించింది. "గాలి! గాలుంది, పీల్చు! నేనే, వదినని, పీల్చు!" అని ఆ చెవిలో అరిచింది. చేప గింజుకుంది, తలతో వెనక్కి పొడిచింది. తర్వాత పెద్దగా ఊపిరి అందింది, ఏడుపు వచ్చింది.

మాస్టారు అన్నయ్యను గట్టు మీదకు ఈడ్చాడు. కనుబొమ్మ నుంచి దవడ దాకా గోళ్ల చాళ్లు. పెదవి రెండుగా చీలింది. నీళ్లు కక్కుతూ ఒగురుస్తూ, చేప గట్టు పట్టుకోవడం చూసి ఆయన గబగబా వెనక్కి జరిగాడు. చెల్లెల్ని చూసి జరిగానని ఆయనకు ఆ తర్వాత తెలిసింది.

చేప తన గోళ్ల కింద ఇరుక్కున్న చర్మాన్ని చూసుకుంది. "నాకక్కడ మనిషి కనబడలేదు అన్నయ్యా," అంది. "మెట్టు కనబడింది. ఎక్కాను."

మాస్టారు రొమ్ము రుద్దుకుంటూ, "పక్క మనిషిని మనం లెక్కలో వేసుకునేది ఆ మనిషికి తెలివున్నంత సేపే," అని గొణిగాడు. తన మాటే నిజమైనందుకు వదినకు సంతోషం కలగాలి. కలగలేదు. ఒళ్లంతా చలిపుట్టి పళ్లు టకటకా కొట్టుకున్నాయి; పన్ను లేని చోటికి నాలిక పదేపదే పోతోంది.

కొద్దిరోజులకు భర్త లాండ్రీకి వచ్చాడు. కుట్ల వల్ల మాట వంకరగా వస్తోంది. ఉతికిన దుప్పట్ల దొంతర పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"నేను తప్పు చేశాను. నువ్వూ ఒకటి కొట్టు. చెల్లుకి చెల్లు."

"నాకేం బాకీల వ్యాపారం లేదు," అంది వదిన. చేస్తున్న పని ఆపి ఆయన ఎదురుగా కూర్చుంది. "నన్నొక్కటి అడగనీ. నీ చెల్లెలికి ఊపిరాడక నన్ను కొట్టింది. నాకూ ఊపిరాడకే దాన్ని కొట్టాను. నీకు ఊపిరి బాగానే ఆడుతోంది కదా. పడవ మీద హాయిగా గాలి పీలుస్తున్నావు. నువ్వెందుకు కొట్టావు?"

ఆయన వేళ్లు విరుచుకున్నాడు. "దాని రక్తం చూసి..."

"నా నోట్లోనూ రక్తమే ఉంది."

"చూడలేదు."

"మాస్టారు చూశాడు."

ఆయన తల ఎత్తాడు. "చూడాలనిపించలేదు. అది నా చెల్లెలు. నువ్వు..."

"ఆగావేం? పరాయిదాన్ని. ఇన్నేళ్లకి ఆ మాట బయటికొచ్చింది. మంచిదే. లోపలే ఉంటే ఇంకెప్పుడైనా చేత్తో బయటపడేది."

ఆయన మొహం కప్పుకుని ఏడ్చాడు. వదిన ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. బండి వస్తే సరుకు దింపించుకోవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. దుప్పట్ల మూటలు ఎక్కడ పెట్టాలని అడిగాడు. చెప్పింది. మోశాడు. అలా చాలా రోజులు వచ్చి మోశాడు. వానలు వెనకబట్టాక వదిన ఇంటికి వెళ్లింది. లాండ్రీ మీది గదిలో మంచం, పొయ్యి, గడియ వేసుకునే తలుపు అమర్చుకున్నాకే వెళ్లింది. ఆ గది తాళం ఆయనకు ఇవ్వలేదు, ఆయన అడగలేదు.

కొలనులో అది జరిగాక చేప నెలంతా పిల్లలను లోతులోకి దింపలేదు. ఖాళీ వేళల్లో మాస్టారి చేత గాలి కట్టించుకుని, మళ్లీ కట్టించుకుని, ఒళ్లు ఎదురుతిరిగే ఆ క్షణాన్ని వెనక్కి నెట్టడం సాధన చేసింది. కొన్నిసార్లు నెగ్గింది. కొన్నిసార్లు మాస్టారి ఒంటి మీద గాట్లు పడ్డాయి. తర్వాత తనూ ఒక బుడ్డి కొనుక్కుంది, వదిన దానికంటే పెద్దది. దాని మీద ఎవరూ జోకు వెయ్యలేదు.

చలికాలం మొదట్లో ఇద్దరూ మళ్లీ దిగారు. అదే ఓడ దగ్గరికి కాదు, ఎండ అడుగుదాకా పడే లోతు తక్కువ చోట. చేప పక్కకు వచ్చిన ప్రతిసారీ వదిన చెయ్యి గబుక్కున లేచి నోటికి అడ్డం పడుతోంది. ఆపుకుందామన్నా ఆగడం లేదు. రెండుమూడుసార్లు అలా జరిగాక చేప అది గమనించింది. గమనించి, చాచిన చేతికి అందనంత ఎడంగా జరిగింది. ఎప్పుడూ ఆమె వెనక్కి వెళ్లలేదు. వదిన కళ్ల ముందే, రెండు చేతులూ కనబడేలా చాచి, వెల్లకిలా ఈదుకుంటూ పోయింది.

పైకి వచ్చాక పడవ అంచు పట్టుకుని ఒగురుస్తూ, "భయం వేసిందా వదినా?" అని అడిగింది.

"వేసింది."

"నేనంటేనేనా?"

వదిన కళ్లద్దం నుదుటి మీదికి తోసుకుని ఆమెను చూసింది. "నువ్వంటేనే," అంది.

చేప తలూపింది. నిచ్చెన దగ్గర పక్కకు తప్పుకుని, ముందు వదినను ఎక్కనిచ్చింది.